నడుం పట్టేస్తే సూదొక్కటే దారా?

సోమశిల నీళ్లు కాలవకి వదిలితే ఆత్మకూరు, సంగం వైపు కయ్యలన్నీ ఒక్కసారిగా నాట్లకొస్తాయి. ఇటు ఉదయగిరి, కలిగిరి, మర్రిపాడు మెట్టల్లో పొగాకు, శనగ, మినుము పనులు మీద పడతాయి. కొన్ని వారాల పాటు మనిషికి తీరిక దొరకదు. ఆ రోజుల్లోనే ఆర్‌.ఎం.పి. ఇంటి ముందు బెంచీ సాయంత్రమయ్యేసరికి నిండిపోతుంది. "నడుం పట్టేసింది సామీ, ఒక సూదెయ్యి, తెల్లారి మళ్లా కయ్యలోకి దిగాల" అనే మాట వినపడని పల్లె మన పడమటి మండలాల్లో లేదనే చెప్పాలి. సూది పడుతుంది, రాత్రికి నొప్పి తెలియదు. వారం తిరిగేసరికి మళ్లీ అదే బెంచీ.

ఒంటి నొప్పులన్నీ ఒకటి కావు. పని వల్ల వచ్చే నొప్పి దానంతటదే పోతుంది, దానికి సూది అక్కర్లేదు. పోనే పోని బిగువు ఇంకొకటి ఉంది. దానికి సూది పనికిరాదు సరికదా, మరింత చేటు చేస్తుంది. ఈ రెంటినీ వేరు చేసుకోవడం మెట్ట రైతుకి చాలా అవసరం.

కొండ దిగితేనే తొడలు పట్టేది

ఉదయగిరి దుర్గం ఎక్కొచ్చిన వాళ్లని అడిగి చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం, అంతే. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి అరుగు దిగలేకపోయేది మాత్రం కొండ దిగినందుకు. బరువును ఆపుకుంటూ దిగేటప్పుడు కండరం ఒకపక్క బిగుసుకుంటూనే ఇంకోపక్క సాగాల్సి వస్తుంది. అప్పుడు దానిలోని సన్నటి పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి. శరీరం వాటిని బాగుచేసుకునే క్రమంలో వాపు, నొప్పి, బిగువు వస్తాయి. బస్తాని నెమ్మదిగా కిందికి దించినా, వంగి గంటలకొద్దీ నాటు వేసినా జరిగేది దాదాపు ఇదే.

అందుకే ఈ నొప్పి పనిచేసిన రోజున కాదు, ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. మూడో రోజు దాటాక తగ్గుముఖం పట్టి వారంలోపు పోతుంది. కండరాల్లో లాక్టిక్‌ ఆమ్లం పేరుకుని నొప్పి పుడుతుందని చాలాకాలం చెప్పారు, ఇప్పటికీ కొందరు చెబుతారు. పని ఆపిన గంట, గంటన్నరలోనే ఆ ఆమ్లం రక్తంలో కలిసిపోతుంది. రెండో రోజు నొప్పికి దానికీ సంబంధం లేదు.

ఇంకో సంగతి. అదే పని కొద్దిరోజుల్లో మళ్లీ చేస్తే రెండోసారి అంత నొప్పి ఉండదు. కండరం ఆ పనికి కొన్ని వారాల పాటు అలవాటుపడి ఉంటుంది. కాబట్టి మూడు నెలలు ఖాళీగా ఉండి ఒక్కరోజులో రెండెకరాల పని నెత్తినేసుకోవడం కన్నా, నాట్లకి వారం ముందు నుంచే గట్లు చెక్కడం లాంటివి పూటకింత చొప్పున మొదలుపెడితే ఒళ్లు హూనం కాదు. ఎద్దుని కాడికి అలవాటు చేసేది కూడా కొంచెం కొంచెంగానే కదా.

పట్టేసిన ఒంటిని పూర్తిగా మంచానికి అప్పగించకూడదు. పాలు పితకడం, చేను దాకా నడిచి రావడం లాంటి తేలిక పని చేస్తూ ఉంటే రక్తం బాగా ఆడి బిగువు త్వరగా సడలుతుంది. సాయంత్రం వేణ్నీళ్ల స్నానం, ఉప్పు మూటతో కాపడం, నువ్వుల నూనె రాసి తేలిగ్గా మర్దన చాలు. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే, కాకపోతే దాన్ని బాలింతలకే పరిమితం చేశాం. కాలు బెణికి వాచినప్పుడు మాత్రం మొదటి రెండు రోజులు కాపడం వద్దు, చల్లటి తడిగుడ్డ కట్టాలి. సెలూన్లో మెడ విరిపించుకునే అలవాటు మానేయాలి. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడలో నుంచే పోతాయి, అవి దెబ్బతింటే పక్షవాతం దాకా రావచ్చు.

ఎండలో చెమట కారేకొద్దీ నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. మజ్జిగలోనో గంజిలోనో చిటికెడు ఉప్పు వేసుకుని పనిలో మధ్యమధ్య తాగితే ఒంటికి మంచిది. బి.పి. ఉన్నవాళ్లు ఉప్పు విషయం డాక్టరునడగాలి. రాత్రి పిక్క పట్టేస్తే కాలు చాపి వేళ్లను మోకాలి వైపుకు లాగి పట్టుకుంటే వదులుతుంది. ఒళ్లు నొప్పులకని సాయంత్రం మందు కొట్టేవాళ్లకి ఒక మాట. సారా ఒంట్లో నీటిని లాగేస్తుంది, నిద్రని చెడగొడుతుంది. దెబ్బతిన్న కండరం బాగుపడేది నిద్రలోనే. పైగా నొప్పి బిళ్ల, మందు కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది.

నడుం ఎత్తితే సోమరితనం కాదు

సూదులేయించుకునేది ఎక్కువగా మగవాళ్లు, నడుం విరిగేలా వంగేది ఎక్కువగా ఆడవాళ్లు. నాటు, కలుపు, పొగాకులో అడుగు ఆకు కోత, అన్నీ వంగి చేసేవే. ఇంటికెళ్లాక బిందె, పొయ్యి, బర్రెలు ఎట్టాగూ తప్పవు. అరగంటకొకసారి లేచి నిలబడి, రెండు చేతులూ నడుముకి ఆనించి నాలుగైదు సార్లు వెనక్కి వాలితే ఒక నిమిషం పడుతుంది. ముఠా మేస్త్రీ అరిచినా సరే, ఆ నిమిషం తీసుకోవాలి. అట్టా చేసిన వాళ్లు సాయంత్రం దాకా ఒకే వేగంతో పనిచేస్తారు, కయ్య ఆసామికీ అదే లాభం.

బరువుల సంగతికొస్తే, ఒక మగమనిషి ఎత్తే మూట 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. మనవాళ్లు 75 కిలోల ధాన్యం బస్తాని ఒక్కరే భుజానికెత్తుకుంటారు. యూరియా బస్తాని 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు, ఆ మేరకు నడుముకి మేలే. బస్తా లేపేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచి, మూటని ఒంటికి ఆనించుకుని లేవాలి. మూట ఎత్తుకుని నడుం తిప్పకూడదు, పాదాలు కదిపి తిరగాలి. 16 లీటర్ల స్ప్రేయరు నిండా పోస్తే నీళ్ల బరువే 16 కిలోలు, డబ్బా బరువు అదనం. ముప్పాతిక పోసి రెండు విడతలు ఎక్కువ తిరిగితే పోయేదేం లేదు. రెండు భుజాలకీ పట్టీలు సమానంగా బిగించాలి. పొట్టి కర్ర గుద్దలి మనిషిని వంచుతుంది, మీ ఎత్తుకి తగిన కర్ర వేయించుకోండి.

రాబందుల్ని చంపిన మందు

ఒళ్లు నొప్పులకు ఎక్కువగా వేసే సూది డైక్లోఫెనాక్‌. ఇదే మందు పశువులకీ వేసేవారు. ఆ పశువులు చచ్చాక కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పలుగా చనిపోయాయి. అందుకే 2006లో పశువులకు దీని వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. మనిషి రాబందు కాదు, డాక్టరు చెప్పిన మోతాదులో నాలుగు రోజులు వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఎండలో ఒళ్లెండి, నీళ్లు సరిగా తాగకుండా, వారం వారం వేయించుకుంటే మాత్రం మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. షుగరు, బి.పి. ఉన్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ.

సూదితో పాటు చిన్న తెల్ల బిళ్లలు పొట్లం కట్టి ఇస్తుంటే అవేమిటో పేరడగండి. అందులో స్టెరాయిడు ఉంటే రెండు రోజుల్లో ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది. నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

విశ్రాంతికి లొంగని బిగువు

పని లేని రోజుల్లో కూడా పొద్దున లేవగానే మెడ తిరగదు, నడుం వంగదు, కీళ్లు బిగుసుకుని ఉంటాయి. నెలలు గడిచినా అదే తీరు. ఇటువంటి బిగువుకి కారణాలు చాలా ఉండొచ్చు, ఎముకల డాక్టరు చూసి చెప్పాలి. కానీ ఉదయగిరి, వరికుంటపాడు, కొండాపురం వైపు మెట్ట పల్లెల్లో ముందు అనుమానించాల్సింది తాగే నీళ్లని. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భ జలంలోకి కరుగుతుంది. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకల్లో చేరి, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు కూడా సున్నంలా గట్టిపడతాయి. ముందుగా పట్టుకునేది మెడ, వెన్ను.

ఇది మన జిల్లాకి కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల ఫ్లోరోసిస్‌ని గుర్తించి షార్ట్‌ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలను చూసే. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్‌ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి.

ఇంట్లోనే చూసుకోగల పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా వంగి నేల మీది రూపాయి బిళ్ల తీయగలగాలి. గడ్డం ఛాతీకి ఆనించగలగాలి. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనక భాగాన్ని తాకగలగాలి. నాట్లేసిన మర్నాడు ఎవరికైనా ఇవి కష్టమే, రెండు వారాలు విశ్రాంతి దొరికాక చేసి చూడాలి. అప్పటికీ చేతకాకపోతే, అదే బోరు నీళ్లు తాగే పక్కింటివాళ్లకీ చేతకాకపోతే, నీళ్ల పరీక్షకి ఆలస్యం చేయకూడదు.

పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు కూడా ఒక గుర్తు. అయితే పళ్లకి మచ్చలు పడేది అవి చిగుళ్లలో తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితేనే. మంచినీళ్ల ఊరి నుంచి కాపురానికొచ్చిన కోడలికి పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎముకలు మాత్రం లోలోపల చెడుతుంటాయి. కాబట్టి పళ్లు చూసి ధీమా పడొద్దు. పశువులకీ ఇదే బాధ, పళ్లు అరిగి మేత నమలలేవు, కుంటుతాయి.

సూది సంగతి మళ్లీ ఎత్తాల్సింది ఇక్కడే. ఒంట్లో చేరిన ఫ్లోరైడుని బయటికి పంపేవి మూత్రపిండాలు. నొప్పికని వేయించుకునే సూదులు ఆ మూత్రపిండాలనే దెబ్బతీస్తే ఫ్లోరైడు ఇంకా ఎక్కువ నిలవుంటుంది, బిగువు ఇంకా పెరుగుతుంది, దానికి ఇంకో సూది. మెట్ట పల్లెలో నలభై దాటిన మనిషి ఈ సుడిలో పడితే బయటపడటం కష్టం.

ముదిరాక ఎముకని మామూలు చేసే మందు లేదు. తొలిదశలో నీళ్లు మారిస్తే నొప్పులు తగ్గుతాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. కాచినంత మాత్రాన అది పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్‌.ఓ. ప్లాంటు నీళ్లు నయం, ప్లాంటుని సరిగ్గా చూసుకుంటేనే. క్యాను నీళ్లు తాగుతూ అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు చాలా ఉన్నాయి, వంటకీ మంచి నీళ్లే వాడాలి. పాలు, పెరుగు, మునగాకు, ఉసిరి, జామ, నిమ్మ తిండిలో ఉండాలి. టీ తగ్గించాలి, తేయాకులోనూ ఫ్లోరైడు ఉంటుంది.

నీళ్ల పరీక్షకి గ్రామీణ నీటి సరఫరా విభాగం లేబరేటరీలున్నాయి. ఊళ్లో పంచాయతీకిచ్చిన పరీక్ష కిట్టు ఉంటే ముందు దానితో చూడొచ్చు. లేబరేటరీకి పంపాలంటే శుభ్రమైన లీటరు ప్లాస్టిక్‌ బాటిలు తీసుకోండి, గాజుది వద్దు. బోరు అయిదు నిమిషాలు వదిలి, ఆ నీళ్లతోనే బాటిలుని మూడుసార్లు తొలిచి, నిండా పట్టి బిగించండి. ఊరు, బోరు ఉన్న చోటు, తేదీ రాసి అంటించండి. నూరు గజాల దూరంలో ఉన్న రెండు బోర్ల నీళ్లు కూడా ఒకటిగా ఉండవు, ఏ బోరు నీళ్లు ఆ బాటిల్లోనే పట్టాలి.