మచ్చ ఒక్కటే చాలదు



మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు మిలిటరీలో చేసి వచ్చినవారి ఇంట్లో ఆడవాళ్ళు, "ఇంత మచ్చ కళ్ళకు కనపడుతుంటే వికలాంగ పింఛను ఎందుకివ్వరు?" అనుకోవడం సహజమే. కానీ మచ్చ పొడవునుబట్టి పింఛను రాదండీ. కాలిన చర్మం బిగుసుకుని మోచెయ్యి చాపలేకపోతే, మగ్గం మీద నాడె విసరలేకపోతే, ఆ నష్టాన్ని మిలిటరీ డాక్టర్ల బోర్డు శాతాల్లో కడుతుంది. సాధారణంగా 20 శాతమైనా ఉండాలి.

అదొక్కటే కాదు, దెబ్బకు ఉద్యోగంతో సంబంధం ఉండాలి. పెద్ద పేచీ ఇక్కడే. సెలవులో ఇంటికొచ్చి, టపాకాయ పేలి చెయ్యి కాలితే అది చెల్లడం కష్టం. అయితే చేరేనాటి వైద్యపరీక్షలో ఏ లోపమూ రాయకపోతే, తరువాత వచ్చిన వైకల్యానికి ఉద్యోగం కారణం కాదని రుజువు చెయ్యవలసింది సర్కారేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో నియమాలు మారాయి గనుక, ఎప్పుడు విడుదలైందీ చూసుకోవాలి.

అర్జీ తిరగ్గొడితే ఊరుకోకండి. ఆ ఉత్తరంలోని గడువులోపల అప్పీలు పెట్టాలి. అక్కడా కాకపోతే, 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మనకు చెన్నై బెంచి. రాసిపెట్టడానికి కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

మచ్చ ఫోటోకన్నా ఆనాటి గాయం రిపోర్టు, ఆసుపత్రి చీటీలు ముఖ్యం. ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయేమో తీసి చూడండి. లేకపోతే ఆయన రికార్డ్స్ ఆఫీసుకు రాసి నకళ్ళు తెప్పించుకోవచ్చు.