మెట్ట పెరట్లో మన్యపు జీలుగు

ఉష్ణమండలపు తాళజాతి మొక్కను చల్లని దేశాల్లో పెంచేవారు మంచు నుంచి, చలిగాలి నుంచి దానిని కాపాడుకోవలసి ఉండగా, ప్రకాశం జిల్లా దర్శి వంటి మెట్ట ప్రాంతంలో ఆ పని తలకిందులవుతుంది. పత్తి, మిరప పండే ఈ మైదానంలో తాటి, ఈత తప్ప తనంతట తాను పెరిగే తాళజాతి చెట్టు అరుదు. తూర్పు కనుమల మన్యంలో, రాత్రులు చలితో వణికించే తేమ లోయల్లో పెరిగే జీలుగును ఇక్కడి పెరట్లోకి తేదలచిన వారికి అడ్డుపడేవి వడగాలి, నల్లరేగడి, బోరునీటి ఉప్పు.

వృక్షశాస్త్రంలో కారియోటా యూరెన్స్ అని పిలిచే ఈ చెట్టుకు, పచ్చిరొట్ట ఎరువు కోసం పొలాల్లో చల్లే జీలుగకు ఏ సంబంధమూ లేదు. దీని ఆకు ఈనె నుంచి పిల్ల ఈనెలుగా, వాటి నుంచి చేపతోక ఆకారపు రెబ్బలుగా రెండంచెల్లో చీలి ఉంటుంది. తాళజాతులన్నింటిలో ఈ అమరిక కారియోటా ప్రజాతికే ప్రత్యేకం. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, మేలైన జీలుగు చెట్టు రోజుకు నూరు పింట్లు, అంటే దాదాపు 50 లీటర్ల కల్లు ఇస్తుందని తాను విన్నట్టు రాయడమే కాక, దాని మానులోని గుజ్జు నుంచి తీసిన పిండిని మలయా దేశాల నుంచి వచ్చే సగ్గుబియ్యంతో సమానమైనదిగా మెచ్చుకున్నాడు. గోదావరి కొండల్లోని కొండరెడ్లకు ఈ కల్లు, ఈ పిండి కరువు రోజుల్లో ఆహారంగా ఎంత ఆదుకున్నాయో 1945లో వెలువడిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గ్రంథం చెబుతుంది. ఇంతటి చెట్టును హోటళ్ల ముంగిట నిలిపే అలంకారపు మొక్కగా మాత్రమే చూడడం దానికి అన్యాయం.

దర్శి నేలలో తాటి ఎందుకు నిలుస్తుందో గమనిస్తే జీలుగుకు ఏమి కావాలో తెలుస్తుంది. తాటి టెంక మొలకెత్తినప్పుడు మొలకను ముందు భూమి లోతుకు దింపి, తేగలో ఆహారాన్ని నిల్వ చేసుకుని, ఆ తరువాతనే ఆకును పైకి పంపుతుంది కనుక పైనేల ఎండిపోయినా అది తట్టుకోగలదు. జీలుగు మొక్కకు అటువంటి ఏర్పాటు లేదు. చెట్ల నీడన, ఆకుల చెత్త కింద ఎప్పుడూ తడిగా ఉండే నేలలో మొలవడానికి అలవాటుపడిన దాని లేత రెబ్బలు, 43 డిగ్రీలు దాటిన ఎండలో పొడిగాలి వీచినప్పుడు వేళ్లు అందించగలిగిన దానికన్నా వేగంగా నీటిని కోల్పోయి అంచుల నుంచి మాడిపోతాయి. పైగా తాళజాతి చెట్టుకు సాధారణంగా కొమ్మలు ఉండవు, పెరుగుదల అంతా మొవ్వు అనే ఒక్క మొగ్గ నుంచే సాగుతుంది, కాబట్టి మొవ్వు మాడితే ఒంటిమానుగా పెరిగే జీలుగు మళ్లీ చిగురించదు.

అందువల్ల తొలి మూడు నాలుగేళ్ల సంరక్షణే కీలకం. ఇంటికి తూర్పున, పడమటి ఎండ గోడకు తగిలి ఆగిపోయే చోటు మేలు. అది లేకపోతే వేపచెట్టు పలుచని నీడ గానీ, సగం వెలుగును ఆపే నీడవల గానీ సరిపోతుంది. నల్లరేగడి వానకు ఉబ్బి నీటిని నిలుపుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చి పీచువేళ్లను తెంపుతుంది. కనుక మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తీసి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, మొక్కను చుట్టూ ఉన్న నేలకన్నా కొంచెం ఎత్తులో నాటాలి. పాదులో వరిగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది. ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి, వాననీటిని తొట్టెల్లో పట్టి ఉంచుకోవడం, దొరికిన రోజుల్లో నాగార్జున సాగర్ కాలువ నీటిని వాడడం మంచిది; ఆకు కొనలు గోధుమరంగుకు తిరిగితే ఉప్పును అనుమానించాలి.

పొలాల నడుమ ఉన్న ఇళ్లలో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. చేలల్లో కొట్టే కలుపు మందు గాలికి కొట్టుకువచ్చి మొవ్వు మీద పడితే ఏళ్ల శ్రమ వృథా అవుతుంది. పేడకుప్పల్లో పెరిగే కొమ్ము పురుగు మొవ్వును తొలుస్తుంది, ఆ గాయాల నుంచి ఎర్రముక్కు పురుగు లోపలికి చేరుతుంది, కాబట్టి ఎరువు కుప్ప ఈ చెట్టు దగ్గర ఉండకూడదు.

విత్తనంతో పెంచేవారు పండు గుజ్జును చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు, ఎందుకంటే అందులోని సూదుల వంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు చర్మంలో దిగి తీవ్రమైన దురద పుట్టిస్తాయి. గుజ్జు కడిగిన గింజను ఆరబెట్టి దాచకుండా తాజాగా నాటాలి. మొలకకు నెలలు పడుతుంది, తొందరపడి కుండీని తిరగదోడకూడదు.

నాటిన పది పదిహేనేళ్లకో, ఇంకా ఆలస్యంగానో పూత మొదలవుతుంది. అది ముందు మాను కొనలో గెలగా వేలాడి, తరువాత కొన్నేళ్లపాటు ఒక్కొక్క కణుపూ కిందికి దిగుతూ వస్తుంది. అట్టడుగు గెల పండిన తరువాత చెట్టు చనిపోతుంది. ఇది తెగులు కాదు, ఆ జాతి సహజ జీవనక్రమం. మందులు కొట్టి దానిని ఆపాలని చూడడం డబ్బు దండగ. కొన్నేళ్ల తేడాతో రెండో మొక్కను నాటుకుంటే పెరడు ఎన్నడూ బోసిపోదు. ఎండిన మాను పన్నెండు మీటర్లకు పైబడిన ఎత్తున ఉంటుంది, లోపలి గుజ్జు కుళ్లిన కొద్దీ బలం తగ్గుతుంది కనుక, ఇంటి కప్పు వైపు ఒరగకముందే అనుభవమున్న కూలీల చేత పైనుంచి ముక్కలుగా కోయించాలి.