బండిని వెనక్కి పిలిస్తే: ఇంధన ట్యాంకు రీకాల్‌పై అపోహలు, వాస్తవాలు

2014 ఏప్రిల్‌లో మారుతి సుజుకి సంస్థ 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లను వెనక్కి పిలిచింది. అన్నీ 2013 నవంబరు 12కీ, 2014 ఫిబ్రవరి 4కీ మధ్య తయారైనవే. బంకులో గన్ను పెట్టే మూత దగ్గర నుంచి ట్యాంకులోకి దిగే గొట్టం ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఫిల్లర్ నెక్ అంటారు. అది మార్చాలన్నారు. ఆటో కట్ పడ్డాక కూడా పోయిస్తే కొన్ని బండ్లలో ఇంధనం వాసన రావచ్చు, మరీ అయితే కారవచ్చు అని కంపెనీ కారణం చెప్పింది.

ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా నాకు రెండు మాటలే వినిపిస్తుంటాయి. ఒకటి, "అమ్మో, ట్యాంకు పేలుతుందట, ఎవరికైనా అమ్మేద్దాం." రెండోది, "ఇన్నాళ్లూ నడిపాం, ఏమీ కాలేదు, ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు చూద్దాంలే." మొదటి మాట అనేవాళ్లు కనీసం షోరూంకి ఫోను చేస్తారు. నా బెంగంతా రెండో మాట అనేవాళ్ల గురించే.

అపోహ: రీకాల్ అంటే కారు వెనక్కి తీసుకుని డబ్బులిస్తారు.

పేరు అలా ఉంది కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ చేసి 110ఎ అనే సెక్షన్ చేర్చారు. లోపమున్న బండికి పూర్తి ధర తిరిగివ్వడం, అలాంటిదే ఇంకో బండి ఇవ్వడం, లేదా రిపేరు చేయడం అని అందులో మూడు దారులు రాశారు. ఆచరణలో దాదాపు ఎప్పుడూ జరిగేది మూడోదే. 2010 ఫిబ్రవరిలో ఎ-స్టార్ కార్లు లక్ష వెనక్కి పిలిచినప్పుడు మార్చింది ట్యాంకులోని ఇంధన పంపు దగ్గర ఉండే ఒక గ్యాస్కెట్. 2024 చివర్లో హోండా 90 వేలకు పైగా పాత కార్లను పిలిచింది ఇంధన పంపు మార్చడానికి. యజమాని జేబులోంచి రూపాయి పోదు. బండి షోరూంలో వదిలి, పని అయ్యాక తెచ్చుకోవడమే. రీకాల్ పనికి బిల్లు వేస్తే కట్టనవసరం లేదు.

అపోహ: వాసన లేదు, కారడం లేదు. అంటే మా బండికి ఆ లోపం లేనట్టే.

ఇంధన ట్యాంకు లోపాల్లో చాలావాటికి ముందస్తు లక్షణమంటూ ఉండదు. అమెరికాలో 1970ల్లో అమ్మిన ఫోర్డ్ పింటో కారునే తీసుకోండి. దాని ట్యాంకు వెనక ఇరుసుకీ, వెనక బంపరుకీ మధ్య ఇరుకు జాగాలో ఉండేది. ట్యాంకుకి ఎదురుగా, ఇరుసు మీదుండే డిఫరెన్షియల్ తాలూకు బోల్టులు పొడుచుకొచ్చి ఉండేవి. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకు ముందుకి జరిగి ఆ బోల్టులకి గుచ్చుకునేది. పెట్రోలు పోసే గొట్టం ట్యాంకులోంచి ఊడి వచ్చేది. ఎవరూ గుద్దనంత కాలం ఆ కారు మిగతా కార్లలాగే తిరిగేది. పదేళ్లు నడిపినా యజమానికి ఏ అనుమానమూ వచ్చే అవకాశం లేదు.

1978లో ఫోర్డ్ దాదాపు 15 లక్షల పింటో, బాబ్‌క్యాట్ కార్లను వెనక్కి పిలిచింది. ట్యాంకుకీ బోల్టులకీ మధ్య ఒక ప్లాస్టిక్ అడ్డు, ఇంకాస్త పొడవైన ఫిల్లర్ గొట్టం, మెరుగైన సీలు, అంతే బిగించింది. చూడ్డానికి చాలా చిన్న పని. అయితే నోటీసు వచ్చిన కారులో ఆ అడ్డు ఉందా లేదా అన్నది డ్రైవరు సీట్లో కూర్చున్నవాళ్లకి తెలిసే దారి లేదు.

మన దగ్గర 2019లో వ్యాగన్ ఆర్ కార్లు 40,618 వెనక్కి రమ్మన్నది ఇంధన గొట్టం ఒక లోహపు క్లాంపుకి రాసుకుంటోందన్న అనుమానంతో. రాపిడి అంటే రోజూ కొంచెం కొంచెం అరిగేది. ఈ రోజు కారలేదన్న మాట వచ్చే ఏడాదికి హామీ ఎలా అవుతుంది? నోటీసులో "కొన్ని బండ్లలో" అని రాసి ఉంటే చాలామంది ఆ కొన్నిట్లో మనది ఉండదులే అనుకుంటారు. ఏ కొన్నో కంపెనీకీ తెలియదు కాబట్టే ఆ తేదీల్లో తయారైనవన్నీ పిలుస్తారు.

అపోహ: ఎండాకాలంలో ట్యాంకు నిండా కొట్టిస్తే పేలిపోతుంది.

ప్రతి ఏప్రిల్‌లోనూ వాట్సాప్‌లో తిరిగే సందేశం ఇది. సగం ట్యాంకే పోయించమని ఇండియన్ ఆయిల్ చెప్పినట్టు రాస్తారు. ఆ సంస్థే ఇది అబద్ధమని, కంపెనీ సూచించిన హద్దు వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని వివరణ ఇచ్చింది. పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీల పైన వేడి కావాలి. రెంటచింతలలోనూ, రామగుండంలోనూ ఎంత ఎండ కాసినా 50 డిగ్రీలు చేరదు. పైగా పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా కలిసి ఉన్నప్పుడే మండుతుంది. మూసి ఉన్న ట్యాంకులో ఆవిరి అంతకు మించి చిక్కగా ఉంటుంది, అంటుకోవడానికి చాలినంత గాలి ఉండదు. సినిమాల్లో ఒక్క తూటా తగలగానే కారు ఎగిరి పడే దృశ్యానికీ, నిజానికీ సంబంధం లేదన్నది కూడా ఇందుకే.

అయితే ఈ అపోహ పక్కనే ఒక నిజం ఉంది, దాన్ని పట్టించుకోం. బంకులో ఆటో కట్ పడ్డాక "అన్నా, రౌండ్ ఫిగర్ చెయ్యి" అంటాం. మూడు వేలు నిండాలని గొట్టం దాకా పోయిస్తాం. ట్యాంకు పైన కొంత ఖాళీ ఉంచేది ఇంధనం వేడికి వ్యాకోచించినప్పుడు చోటుండాలని. ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటి పెట్రోలు బండ్లలో ఉంటుంది. హద్దు దాటి పోస్తే ద్రవమే అందులోకి వెళ్లి అది పాడవుతుంది. 2014 నాటి రీకాల్‌లో చెప్పిన ప్రమాదం సరిగ్గా ఇలా ఎక్కువ పోసినప్పటిదే. ఫుల్ ట్యాంకుకి భయపడనక్కర్లేదు, రౌండ్ ఫిగర్ మానుకుంటే చాలు.

కారుతున్న పెట్రోలు మాత్రం వేరే సంగతి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా దాని ఆవిరి నిప్పు రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, కాబట్టి పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. అపార్టుమెంటు సెల్లార్‌లో నిలిపిన బండి కింద తడి కనిపిస్తే స్టార్ట్ చేయకండి, అక్కడ లైటు స్విచ్ కూడా ముట్టుకోకండి. తోసుకుంటూ బయటికి తెచ్చి షోరూంకి ఫోను చేయండి. సబ్బు రుద్ది, ఎం-సీల్ పూసి నాలుగు రోజులు లాగేవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు.

అపోహ: ట్యాంకు మార్చకుండా ఏదో చిన్న ముక్క బిగించారంటే అది కంటితుడుపే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే యజమానుల కోపం ఇక్కడ పూర్తిగా తప్పు కాదు. 2013 జూన్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. దాదాపు 27 లక్షల జీపులను వెనక్కి పిలవమని క్రైస్లర్‌ని కోరింది. 1993 నుంచి 2004 దాకా వచ్చిన గ్రాండ్ చెరోకీలు, 2002 నుంచి 2007 దాకా వచ్చిన లిబర్టీలు అవి. పింటోలాగే వీటిలోనూ ట్యాంకు వెనక ఇరుసుకి వెనక ఉంది. మా బండ్లు సురక్షితం, రీకాల్ చేయం అని కంపెనీ మొదట తెగేసి చెప్పింది. రెండు వారాలకి దిగివచ్చి సుమారు 15.6 లక్షల బండ్లకి ఒప్పుకుంది. 1999 నుంచి 2004 వరకు వచ్చిన గ్రాండ్ చెరోకీలు ఆ లెక్కలోకి రాలేదు.

బిగించిందేమిటి? ట్రైలరు తగిలించుకునే ఇనుప కొక్కెం, ట్రైలర్ హిచ్. ట్యాంకు గురించి ఉత్తరం రాసి ట్రైలరు కొక్కెం పెడతామంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. దాని పని మాత్రం ఉత్త అలంకారం కాదు. తక్కువ, మధ్యస్థ వేగంతో ఎవరైనా వెనక నుంచి గుద్దితే ఆ ఇనుప చట్రం దెబ్బను కొంత తీసుకుంటుంది, ట్యాంకు దాకా పోనివ్వదు. పెద్ద వేగంతో గుద్దితే అది ఆపుతుందని ప్రభుత్వ సంస్థా అనలేదు, కంపెనీ కూడా అనలేదు. నా దృష్టిలో ఇది సగం మందు. సగం మందే అయినా వేసుకోకుండా ఉండటం కంటే వేసుకోవడమే మేలు. కోపం ఉన్నవాళ్లు కొక్కెం బిగించుకుని ఆ తర్వాత ఫిర్యాదు చేయవచ్చు.

ఫిర్యాదులకీ విలువ ఉంది. ఆ జాబితాలో లేని 1999 మోడల్ గ్రాండ్ చెరోకీలో 2012 మార్చిలో జార్జియా రాష్ట్రంలో నాలుగేళ్ల బాబు మంటల్లో చనిపోయాడు. 2015లో జ్యూరీ ఆ కుటుంబానికి 15 కోట్ల డాలర్లు ఇవ్వమంది, జడ్జి దాన్ని 4 కోట్లకు తగ్గించారు. అదే ఏడాది జూలైలో రీకాళ్లు సరిగా జరపనందుకు కంపెనీ 10.5 కోట్ల డాలర్ల పెనాల్టీకి ఒప్పుకుంది. పాత జీపులిచ్చేవాళ్లకి మార్కెట్ ధర కంటే ఎక్కువ విలువ కట్టాల్సి వచ్చింది.

అపోహ: పింటోకి బండికి 11 డాలర్లు ఖర్చు పెట్టడం కంటే చావులకి పరిహారం కట్టడమే చవకని ఫోర్డ్ లెక్కేసింది.

మన మేనేజ్‌మెంట్ కాలేజీల్లోనూ ఈ కథ చెబుతారు. లెక్క ఉన్న మాట నిజమే, కథలో చెప్పే లెక్క మాత్రం అది కాదు. 1973లో ఫోర్డ్ ఉద్యోగులు తయారుచేసిన, ఆ లెక్క ఉన్న పత్రం ప్రభుత్వానికి పంపడానికి రాసింది. అందులోని విషయం బండి బోల్తా పడినప్పుడు కారే ఇంధనం. వెనక నుంచి గుద్దడం గురించి అందులో లేదు. అందులో లెక్కలోకి తీసుకున్న 1.25 కోట్ల బండ్లు అమెరికా మొత్తం మీద అన్ని కంపెనీల కార్లూ, చిన్న ట్రక్కులూ కలిపి. ఒక ప్రాణానికి 2 లక్షల డాలర్లన్న విలువ ప్రభుత్వ సంస్థ వేసినదే.

ఇది చెప్పినంత మాత్రాన ఫోర్డ్ తప్పు తగ్గదు. వెనక గుద్దించి చూసిన సొంత పరీక్షల్లో ట్యాంకు చిట్లుతోందని కంపెనీకి తెలుసునన్నది కాలిఫోర్నియా కోర్టులో రుజువైంది. దానికి ఈ పత్రంతో పని లేదు. అసలు నేరానికి సరైన సాక్ష్యం ఉండగా తప్పు సాక్ష్యం పట్టుకు తిరగడం దేనికి? ఆ రోజుల్లో జరిగిన మంచి ఏమిటంటే, 1977 మోడళ్ల నుంచి అమెరికాలో వెనక నుంచి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దినా ఇంధనం కారకూడదన్న పరీక్ష అమల్లోకి వచ్చింది. తర్వాత ఆ వేగం 80 కిలోమీటర్లకు పెరిగింది. ఇప్పుడు చాలా కార్లలో ట్యాంకు వెనక సీటు కింద, ఇరుసుకి ముందు ఉంటోంది.

అపోహ: ప్లాస్టిక్ ట్యాంకు కాబట్టే ఈ గొడవలన్నీ.

ఆ ప్లాస్టిక్ మన బకెట్ ప్లాస్టిక్ లాంటిది కాదు. తుప్పు పట్టదు, అతుకులుండవు, దెబ్బ తగిలితే చిట్లకుండా వంగుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం ఇంధనం ఉన్న ట్యాంకును నేరుగా మంట మీద పెట్టి పరీక్షిస్తారు. పింటో ట్యాంకు ఉక్కుదే.

అపోహ: రీకాల్ చేసిన కంపెనీ చెడ్డది, ఎప్పుడూ చేయనిదే మంచిది.

మన దేశంలో కార్ల కంపెనీల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకున్నది 2012లో. చట్టబద్ధమైన నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి వచ్చాయి. అంతకు ముందు ఎన్ని లోపాలు ఉచిత చెకప్ శిబిరాల పేరుతో గుట్టుగా సరిచేశారో, ఎన్ని వదిలేశారో. ఇప్పుడు ప్రభుత్వమే ఆదేశించి రీకాల్ చేయిస్తే కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. బయటపెట్టి సరిచేసిన కంపెనీని ఎగతాళి చేస్తే మిగతావి దాచుకోవడం నేర్చుకుంటాయి.

అపోహ: సెకండ్ హ్యాండ్ బండికి వర్తించదు. ఉంటే కంపెనీ వాళ్లే చెబుతారుగా.

రీకాల్ బండికి అంటుకుని ఉంటుంది, మనిషికి కాదు. వారంటీ అయిపోయినా, ఎన్ని చేతులు మారినా పని ఉచితమే. మన 2021 నిబంధనలు ఏడేళ్లలోపు బండ్లకి వర్తిస్తాయి, అమెరికాలో మొదట కొన్న రోజు నుంచి 15 ఏళ్ల దాకా ఉచితం. కబురు మాత్రం కంపెనీ దగ్గరున్న పేరుకీ, ఫోను నంబరుకీ వెళ్తుంది. అది చాలాసార్లు మొదటి యజమానిది. ఆయన ఆ ఎస్సెమ్మెస్ చూసి, మన బండి కాదుగా అని తుడిచేస్తాడు.

అందుకే ఆర్‌సీ తీసి అందులోని 17 అక్షరాల ఛాసిస్ నంబరు చూసుకోండి. కంపెనీ వెబ్‌సైటులో కొట్టండి, లేదా సర్వీసు సెంటరుకి ఫోను చేసి చదివి వినిపించండి. పని అయ్యాక జాబ్ కార్డు మీద రీకాల్ పని అయిందని రాయించుకోండి, అమ్మేటప్పుడు పనికొస్తుంది. అమెరికాలో చదువుకునే మన పిల్లలు సీనియర్ల దగ్గరో, పాత కార్ల డీలరు దగ్గరో కొంటుంటారు. రీకాల్ పెండింగులో ఉన్న పాత కారు అమ్మకూడదని అక్కడి కేంద్ర చట్టం డీలర్లకి చెప్పదు. ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. సైటులో ఛాసిస్ నంబరుతో వెతికే వీలు 2014 ఆగస్టు నుంచి ఉంది. డబ్బు చేతికిచ్చే ముందే చూసుకోమని ఫోనులో చెప్పండి.

కబురు దానంతటదే వస్తుందని కూర్చునేవాళ్లకి ఇండియానా రాష్ట్రంలో జరిగింది చెప్పాలి. పింటో రీకాల్ ప్రకటన వచ్చింది 1978 జూన్‌లో. ఆ ఆగస్టు 10న గోషెన్ పట్టణం దగ్గర రహదారి మీద ఒక 1973 పింటోని వెనక నుంచి వ్యాను గుద్దింది. అందులో ఉన్న ముగ్గురు అమ్మాయిలూ (ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్ల కజిన్) కాలిపోయారు. ఆ కారుకి సంబంధించిన రీకాల్ ఉత్తరం వాళ్లింటికి 1979 ఫిబ్రవరిలో వచ్చింది.