నాలుగు తోరణముల నడుమ

వరంగల్లు చౌరస్తాలో ఆటో నాపి "ఖిలాకు వస్తవా?" అని అడిగినచో, నడుపువాడు కిరాయి మాట యెత్తుటకు ముందే "పడమరకోటకా, మధ్యకోటకా, తూర్పుకోటకా?" అని ఎదురుప్రశ్న వేయును. ఆ మూడు పేళ్లతో అతడు తానెరుగకయే ఏడువందల యేండ్లనాటి నగరపటము నొకదానిని మన చేతిలో పెట్టినవాడగుచున్నాడు. దిక్కులచేతనే వాడలకు పేళ్లు వచ్చిన ఊరికి నడుమ నొక స్థిరమైన చోటు లేకుండ వీలుపడదు గదా. ఆ నడిమిచోటే నేటి మధ్యకోటలో పచ్చికయు, చెట్లును, విరిగిన శిల్పములును గలిగి, నాలుగు దిక్కుల నాలుగు తోరణములను కావలి పెట్టుకొనియున్న ఉద్యానము.

హనుమకొండనుండి రాజధానిని ఓరుగల్లునకు తరలించి, కోటను ఒక రూపునకు తెచ్చిన యశము కాకతి గణపతిదేవునిది (1199–1262). దానిని బలపరచిన యశము ఆయన కూతురు రుద్రమదేవిది. వెలుపల దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసము గల మట్టికోట, దాని నంటి అగడ్త, లోపల అందులో సగము వ్యాసము గల రాతికోట, దానికి 45 బురుజులు: ఇట్లు ఒకదానిలో నొకటిగా వలయములు గీసినట్లు ఆ పట్టణము వెలసినది. 1310 ప్రాంతమున ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరు దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రూ, ఈ మట్టిగోడలో ఉక్కుబల్లెము సైతము దిగదని వ్రాసినాడు. శత్రుపక్షపు కవి యిచ్చిన యోగ్యతాపత్రము కనుక దానిని కొంత నమ్మవచ్చును. రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్లు. లోనికి వచ్చువాడు నేరుగా దూసుకొనిరాక ప్రతి వాకిట నొక మలుపు తిరిగియే రావలెను. ఆ నాలుగు వాకిళ్లనుండి నాలుగు బాటలు బయలుదేరి నగరమధ్యమున కలిసికొనునట్లు ఊరిని తీర్చినారు.

ఆ బాటలు కలిసికొనుచోట రాజభవనమును గాక దేవాలయమును నిలుపుటలో కాకతీయుల ఉద్దేశమేమో ఊహింపవచ్చును. అక్కడ వెలసినవాడు స్వయంభూదేవుడు, కాకతీయులు కొలిచిన దైవము. ఆ లింగము చతుర్ముఖలింగము. దేవునికి నాలుగు ముఖములు, ప్రాంగణమునకు నాలుగు తోరణములు, కోటకు నాలుగు వాకిళ్లు. శిల్పి గర్భగుడిలో నారంభించిన లెక్కను అగడ్తవరకును కొనసాగించినాడు. ఆ లింగమును నేడు సమీపమందలి శంభుని గుడిలో చూడవచ్చును.

ఇక తోరణములు. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తు. ఉత్తర దక్షిణ తోరణముల నడుమ దాదాపు 480 అడుగులు, తూర్పు పడమరల నడుమ దాదాపు 433 అడుగులు. ఇరువైపుల జంటస్తంభములు, వానినుండి ముందునకు వంగివచ్చి దూలమును భుజములపై మోయు రాతిబోదెలు, దూలమునుండి తలక్రిందుగా వ్రేలాడు తామరమొగ్గలు, పూలదండలు, మకరములు, పైకొనల యందు మెడలెత్తిన హంసలు. తలుపు లేదు, గడియ లేదు. ఎవరినిగాని ఆపుట వీని పని కాదు. తోరణము లనగానే మనకు సాంచి స్మరణకు వచ్చును. అక్కడను నాలుగు దిక్కుల నాలుగే తోరణములు. కాని సాంచి తోరణము కథలపుట్ట: ఒక్కొక్క దూలముమీద జాతకములు, ఊరేగింపులు, యుద్ధములు. ఓరుగంటి తోరణము కథ చెప్పదు. ఇంటి గుమ్మమునకు మామిడాకులు కట్టినట్లు నల్లరాతితో పండుగ కట్టి యూరకున్నది. దేవతామూర్తులు లేకుండుటయే వీనిని కాపాడినదని చరిత్రకారులలో పలువురి యభిప్రాయము.

నలుదారులు కూడుచోటును సంస్కృతమున శృంగాటక మనిరి, మనవారు చదుకమనిరి, తురకల పరిపాలనతో చౌరస్తా వచ్చి ఆ రెంటిని మింగివేసినది. పేరేదైనను ఆ చోటి సందడిని ఓరుగల్లు విషయమున మనకు కన్నులకు కట్టినది వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము. (ఇది శ్రీనాథునిదే యని వాదించిన పండితులును గలరు, ఆ వివాదములో తలదూర్చుట ఈ వ్యాసమునకు క్షేమము కాదు.) గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, అతని చెలికాడు టిట్టిభసెట్టియు ఒక దినమంతయు ఓరుగంటి వీధులలో తిరుగుట తప్ప ఆ గ్రంథమున పెద్ద కథ లేదు. వారు కోడిపందెములు చూతురు, పొట్టేళ్ల పోరు చూతురు, పల్నాటి వీరుల కథ పాడగా విందురు, ఏకవీర గుడికి పోదురు, ఒక రూకకు పూటకూటి యింట సుష్ఠుగా భుజింతురు. రాజులు కట్టిన వీధిని చూపుటకు శాసనములు చాలును. ఆ వీధిలో ఎవరు ఆకలిగొనిరో, ఎవరు నవ్విరో చూపుటకు ఇట్టి గ్రంథమొకటి కావలెను. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో దీనిని అంతగా నాశ్రయించుటకు కారణ మిదియే.

1323లో ఢిల్లీ తుగ్లకు సుల్తాను కొడుకు ఉలుగ్‌ఖాను కోటను పట్టుకొనెను. కడపటి కాకతీయరాజు ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను, స్వయంభూదేవాలయము నేలమట్టమయ్యెను, ఊరికి సుల్తానుపుర మను క్రొత్తపేరు వచ్చెను. పేరు నిలువలేదు. కొలది యేండ్లకే ముసునూరి కాపయనాయకుడు కోటను తిరిగి గైకొనెను. కాని తుగ్లకు శైలిని లోనికి వాలిన దిట్టమైన గోడలతో, కోసుగా లేచిన కమానులతో తోరణములకు పడమటి దిక్కున వెలసిన ఖుష్‌మహలు అను సభాభవనము మాత్రము నిలిచిపోయెను. క్రొత్తగా వచ్చినవారు సైతము సభ తీర్చుటకు ఊరిలో మరియొక మూలను వెదకుకొనలేదు; పాత నడిబొడ్డు ప్రక్కనే పీట వేసికొనిరి. ఆ కట్టడమును జనులు ఓరుగంటి పాలకుడు షితాబుఖాను పేరుతో పిలుతురు గాని, అతడు 16వ శతాబ్దము తొలినాళ్లవాడు. భవనము రూపు అతనికంటె పాతది.

తరువాత రాజధాని ఊరయ్యెను. రాచవీధి పొలముల నడిమి బాట యయ్యెను. నిజాము రాజ్యమున 1914లో పురావస్తుశాఖ యేర్పడి, గులాం యజ్దానీ దానికి అధిపతియైన పిమ్మట ఇట్టి చోట్లకు మరల ఆలనాపాలన మొదలయ్యెను. త్రవ్వగా బయల్పడిన గుడి పునాదులు, కూలిన కప్పు రాళ్లు, మొగము చెక్కివేయబడిన నందులు, నాట్యకత్తెల వరుసలు పచ్చికమీద వరుసదీరి నేడు ఉద్యానమునకు పూలమళ్ల స్థానమున ఉన్నవి. పిల్లల ఆటలకు ప్రత్యేకముగా వలయుచో ఆవల ఏకశిలగుట్ట పాదమున చెరువు, పార్కు ఉండనే ఉన్నవి. ఊరికి ఓరుగల్లని, ఏకశిలానగరమని పేళ్లు తెచ్చిన గుండు అదియే.

కోట వట్టి శిథిలమని తలచువారు 1946ను తలచుకొనవలెను. జాతీయపతాక మెత్తుట నేరమైన ఆ దినములలో, ఆగస్టు నెలలో కోటలో జెండా యెగిరెను, నిజాముపక్షపు రజాకార్లు మీదబడిరి, వారి నెదిరించిన బత్తిని మొగిలయ్యగౌడు అక్కడనే ప్రాణములు విడిచెను. పండుగలకు ఏర్పడిన చోటులు ఇట్టి పనులకు పనికివచ్చుట మన దేశమున క్రొత్త కాదు.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడి రాజముద్రలోనికి కాకతీయ తోరణమును చార్మినారుతో కూడ తీసికొనగా, అది ప్రతి సర్కారు కాగితముమీదను ఎక్కినది. నకళ్లు నగరద్వారములయందు సిమెంటుతో లేచుచున్నవి. అసలును చూడని వాడును నకలును చూచియే యుండును. 2021లో కాకతీయులనాటి రామప్పగుడి ప్రపంచ వారసత్వ స్థానమును పొందగా తోరణముల వంతు రాలేదు. మధ్యకోటవారి కది పెద్ద లోటుగా తోచినట్లు నాకు కనబడలేదు.

మొన్న సాయంకాలము నేను పోయినప్పుడు, పెండ్లి కుదిరిన జంట నొకదానిని ఫొటోలు తీయువాడు దక్షిణతోరణము క్రింద నిలిపి, "అన్నా, జెర ఎడమకు జరుగుండ్రి, ఎనకటి తోరణం మీ ఇద్దరి నడుమకు రావాలె" అని పదేపదే చెప్పుచుండెను. ఉత్తరతోరణము దూరమున చిన్నదై, వారి భుజముల నడుమ సరిగా అమరువరకును అతడు మీట నొక్కలేదు. గుడి నిలిచియున్న కాలమున ఈ తోరణమునుండి ఆ తోరణము కానవచ్చెడిది కాదు.