జానెడు రాకెట్టు నుంచి 36 అడుగుల బొమ్మ దాకా!

ఉపగ్రహాలను, వ్యోమగాములను మోసిన రాకెట్లను కొలత తప్పకుండా కుదించి నమూనాలు చేస్తారు. కొందరు వాటిని అలమరలో పెట్టుకుంటారు, కొందరు ఏకంగా ఎగరేస్తారు. ఆ బుల్లి రాకెట్ల ముచ్చట్లు కొన్ని...

ముప్పాతిక టన్ను బొమ్మ
అమెరికాలోని ఒహాయోకు చెందిన స్టీవ్ ఈవ్స్, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5కు పదో వంతు నమూనా తయారుచేశాడు. ఎత్తు 36 అడుగులు, బరువు దాదాపు 747 కిలోలు. 2009 ఏప్రిల్ 25న మేరీల్యాండ్‌లో 9 మోటార్లు వెలిగించి వదిలితే 4,440 అడుగులు ఎగిరి, పారాచూట్లతో క్షేమంగా దిగింది. అప్పటిదాకా ఎగిరి భద్రంగా దిగిన ఔత్సాహిక రాకెట్లన్నిటిలోకీ ఇదే పెద్దది.

బొమ్మ కన్నా అసలుదే పొట్టి
2018 ఫిబ్రవరి 3న 3 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన జపాన్ రాకెట్ ఎస్ఎస్-520-5 ఎత్తు 9.54 మీటర్లే. ఈవ్స్ బొమ్మ దాదాపు 11 మీటర్లు! అయినా బొమ్మ కిలోమీటరున్నర కూడా ఎగరలేదు, పొట్టిది కక్ష్యకు చేరింది.

లెక్క తప్పిన బరువు
పొడవు పదో వంతయితే బరువు వెయ్యో వంతు కావాలి. అసలు శాటర్న్-5 దాదాపు 2,900 టన్నులు కాబట్టి ఈవ్స్ నమూనా 2,900 కిలోలు తూగాలి. కానీ అందులో నాలుగో వంతే తూగింది. కారణం ఇంధనమే. అసలు రాకెట్ బరువులో సింహభాగం దానిదే, నమూనాలో మాత్రం చాలావరకు ఖాళీ గొట్టమే.

ముక్కల్లోనూ ముహూర్తం
2017లో లెగో సంస్థ తెచ్చిన శాటర్న్-5 బొమ్మ మీటరు ఎత్తుంటుంది. ముక్కలు సరిగ్గా 1,969. చంద్రుడిపై మనిషి కాలు మోపిన ఏడాది అదే మరి!

కనిపించని రెక్కలు
అసలు రాకెట్ ఇంజిన్ నాజిల్‌ను అటూ ఇటూ తిప్పుకుంటూ దారి సరిచేసుకుంటుంది. మామూలు నమూనాకు ఆ సౌకర్యం లేదు. తిన్నగా పోవాలంటే ముక్కున బరువు, తోకన రెక్కలు ఉండాలి. అసలుకు రెక్కలు లేకపోతే? పారదర్శకమైన ప్లాస్టిక్ రెక్కలు అతికిస్తారు. దూరం నుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు.

అందానికీ మార్కులు, ఎగిరినందుకూ మార్కులు
ఈ నమూనాలకు ప్రపంచ పోటీలున్నాయి. మొదటివి 1972లో అప్పటి యుగోస్లావియాలోని వ్రషాత్స్‌లో జరిగాయి. ఎస్-7 అనే విభాగంలో న్యాయనిర్ణేతలు ముందు నమూనాను అసలు కొలతలతో పోల్చి మార్కులు వేస్తారు. తరవాత దాన్ని ఎగరేసి చూపించాలి.

మూరెడు పీఎస్ఎల్వీ
మన శ్రీహరికోట రాకెట్లను నూరో వంతుకు కుదిస్తే 1980లో రోహిణి ఉపగ్రహాన్ని మోసిన ఎస్ఎల్వీ-3 22 సెంటీమీటర్లు, అంటే జానెడు. పీఎస్ఎల్వీ 44 సెంటీమీటర్లు, అంటే మూరెడు. ఎల్వీఎం-3 దానికన్నా అర సెంటీమీటరు పొట్టి. కానీ అసలు బరువులో పీఎస్ఎల్వీ 320 టన్నులైతే, ఇది దానికి రెట్టింపు, 640 టన్నులు!

సెలవుల్లో మీ పిల్లలతో అట్టగొట్టాలతో మూరెడు పీఎస్ఎల్వీ చేయించండి. మందు కూరి ఎగరేసే ప్రయోగాలు మాత్రం ఇంట్లో వద్దు.