కొబ్బరి: కురిడీకి గిరాకీ ఉంటే పచ్చికాయ బిగువు

సికింద్రాబాద్: ఆషాఢ బోనాలకు ఉజ్జయినీ మహాకాళి గుడి పరిసరాలలో కొబ్బరికాయకు ఏటా గిరాకీ ఉండేదే. అయితే కోనసీమ నుంచి వచ్చే కాయ ధర గుడి రద్దీపైనే కాక, అక్కడి రైతు అటకపైన కూడా ఆధారపడి ఉంటుంది.

గౌతమి, వశిష్ఠ పాయలకూ సముద్రానికీ నడుమనున్న ఈ సీమలో దింపిన కాయకు అంబాజీపేట ముఖ్య మార్కెట్టు. కాయకు దారులు రెండు: పచ్చికాయగా వెంటనే లారీ కెక్కడం, లేదా అటకపై నెలల తరబడి ఆరి కురిడీ కావడం. ఉత్తరాది నుంచి కురిడీకి కొనుగోళ్లు బలంగా ఉంటే రైతు కాయను అటకెక్కిస్తాడు. పచ్చికాయ రాబడి తగ్గి ధర బిగుస్తుంది. కురిడీ మందగిస్తే కొత్త దింపు పచ్చికాయగానే బయటికి వచ్చి ధర మెత్తబడుతుంది. 2025 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు నూనె కొబ్బరికి రూ. 11,582, కురిడీకి రూ. 12,100.

గాలివాన దెబ్బ వేరు. పూత ముదురు కాయ కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. 1996 నవంబరు 6 తుపానులో కూలిన చెట్ల స్థానే వేసిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది.

బోనాల సరుకుకు ముందుగా బేరం కుదుర్చుకునే వర్తకులు పచ్చికాయ ధరతోపాటు కురిడీ ధరనూ విచారించుకోవడం మంచిది.