ఉబెర్‌పై రెండుసార్లు రగిలిన ఆగ్రహం

ఆర్.కె. పురం (న్యూఢిల్లీ): ఆర్.కె. పురం పొరుగునే ఉన్న వసంత్ విహార్‌లో 2014 డిసెంబరు 5 రాత్రి ఉబెర్ కారెక్కిన యువతిపై డ్రైవరే అత్యాచారానికి పాల్పడిన ఉదంతం రాజధానిని కుదిపివేసింది. 2012 డిసెంబరు 16న సమీపంలోని మునీర్కాలో బస్సెక్కి, సామూహిక అత్యాచారానికి గురై మరణించిన విద్యార్థినిని ఇంకా మరువని ప్రజలు వీధుల్లోకి వచ్చారు. ఆ డ్రైవరు 2011లోనూ అత్యాచార ఆరోపణపై అరెస్టయి, తరువాత నిర్దోషిగా విడుదలైనట్లు వెల్లడి కావడంతో, పూర్వాపరాలు విచారించకుండా ఎలా నియమించుకున్నారని పత్రికలు కంపెనీని నిలదీశాయి. డిసెంబరు 8న ఢిల్లీ ప్రభుత్వం ఉబెర్‌ను నిషేధించింది. డ్రైవరుకు 2015 నవంబరులో యావజ్జీవ కారాగార శిక్ష పడింది.

వివాదం అంతటితో సమసిపోలేదు. కంపెనీ ఆసియా-పసిఫిక్ వ్యాపార విభాగాధిపతి ఎరిక్ అలెగ్జాండర్ బాధితురాలి వైద్య నివేదికలను సంపాదించి, ముఖ్య కార్యనిర్వహణాధికారి ట్రావిస్ కలనిక్ తదితరులకు చూపారని 2017 జూన్‌లో అమెరికా వార్తా సంస్థలు బయటపెట్టాయి. దీని వెనుక ప్రత్యర్థి కంపెనీ హస్తం ఉందేమోనని వారు శంకించినట్లు కూడా వెల్లడైంది. మళ్లీ దుమారం రేగింది. అలెగ్జాండర్‌కు ఉద్వాసన తప్పలేదు. మాజీ ఇంజనీరు సుసాన్ ఫౌలర్ అంతకు ముందు ఫిబ్రవరిలో చేసిన లైంగిక వేధింపుల ఆరోపణలు సహా పలు వివాదాలు చుట్టుముట్టగా, మదుపుదారుల ఒత్తిడికి తలొగ్గి జూన్ 20న కలనిక్ పదవి నుంచి వైదొలిగారు.

నేరం చేసిన డ్రైవరును న్యాయస్థానం శిక్షించింది. బాధితురాలినే అనుమానించిన పెద్దల తీరు మాత్రం పత్రికలు పట్టు విడవనందువల్లే లోకానికి తెలిసింది.